శ్రీకాకుళం తీరాన నింపాదిగా సైకిల్ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం నుంచి సముద్రం వైపు వెళ్లే పల్లె రోడ్ల మీద తొందరపడకుండా, నచ్చినచోట ఆగుతూ సైకిల్ తొక్కుదామనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలివి. విజయనగరం వైపు తీరం గురించి కూడా కొంత ఉంది. పందేలకి తయారయ్యేవాళ్లకి ఇక్కడ పనికొచ్చేది తక్కువ.

సైకిల్ ముట్టుకుని ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు నావల్ల అవుతుందా?

అవుతుంది. బ్యాలెన్స్ ఎక్కడికీ పోదు. మొరాయించేవి నడుమూ మోకాళ్లే. కొన్నాళ్లపాటు పొద్దున్నే ఊళ్లోనే ఓ అరగంట తిరగండి. పక్కవాళ్లతో మాట్లాడుతూ ఆయాసం లేకుండా తొక్కగలిగితే అదే మీ వేగం. ఈ పేజీలో చెప్పిన దూరాలన్నీ గంటకి పన్నెండు, పదిహేను కిలోమీటర్ల వేగానికి సరిపోయేవి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.

మా అబ్బాయి బోస్టన్ దగ్గర ఉంటాడు. మేం వెళ్లినప్పుడు పాత రైలు దారి మీద తారు వేసిన సైకిల్ బాటలో తిప్పాడు. చాలా హాయిగా అనిపించింది. అలాంటిది మన దగ్గర ఉందా?

మీరు వెళ్లింది బహుశా కేప్ కాడ్ రైల్ ట్రైల్ అయ్యుంటుంది. పట్టాలు తీసేసిన లైను మీద తారు పోసి నలభై కిలోమీటర్ల దాకా బాట వేశారు. నికర్సన్ స్టేట్ పార్కులోంచి పోతుంది, సముద్రం దగ్గర్లోనే ఉంటుంది. అమెరికాలో ఈ పద్ధతికి దారి చూపిన మొదటివాటిలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఎల్రాయ్–స్పార్టా బాట ఒకటి. దాన్ని 1960ల్లోనే తెరిచారు.

అది హాయిగా ఉండటానికి కారణం మీ అబ్బాయి చెప్పే ఉంటాడు. ఆవిరి ఇంజను ఎత్తు ఎక్కలేదు. అందుకని లైను వేసేటప్పుడే గుట్టలు తవ్వి, పల్లాలు పూడ్చి, నూరు మీటర్లకి ఒకటి రెండు మీటర్లకి మించి ఎత్తు పెరగకుండా చూసేవారు. రైలు కోసం పడ్డ ఆ శ్రమ ఇప్పుడు సైకిల్ తొక్కేవాడికి కలిసొచ్చింది. పైగా దాని మీద కార్లు ఉండవు.

మన దగ్గర అలాంటి బాట లేదు. కానీ అందులోని రెండు సుఖాల్లో ఒకటి మనకి ఎవరూ తవ్వకుండానే ఉంది. నాగావళి, వంశధార ఒండ్రు తెచ్చి పరిచిన నేల సముద్రం దాకా చదునే. రెండోది, బళ్లు లేని రోడ్డు. అది మనకి తెల్లవారుజామున మాత్రమే దొరుకుతుంది. అందుకే ఈ పేజీలో ఏ రోడ్డని చెప్పిన దానికన్నా ఏ వేళని చెప్పింది ఎక్కువ.

నౌపడా చిన్న రైలు లైను ఉండేది కదా, దాన్ని సైకిల్ బాటగా మార్చలేదా?

ఆ లైను ఇంకా బతికే ఉంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన నేరో గేజి అది. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా నడిచింది, తరవాత గుణుపురం దాకా పొడిగించారు. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద టెక్కలి, పాతపట్నం మీదుగా కొండల వైపు పోయేది. 2004లో ఆపేసి, బ్రాడ్ గేజిగా మార్చి మళ్లీ తెరిచారు. ఆ చిన్న రైలు ఎక్కినవాళ్లకి బెంగ ఉండటం న్యాయమే. కానీ సైకిల్ బాట కన్నా పాతపట్నం జనానికి రైలే అవసరం.

పట్టాల పక్క కంకర బాట మీద తొక్కుదామని మాత్రం అనుకోకండి. అనుమతి లేకుండా రైల్వే స్థలంలో తిరగడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. పోలీసుల సంగతి అలా ఉంచండి, ఎదురుగాలిలో తొక్కుతుంటే వెనక వచ్చే రైలు చప్పుడు వినపడదు.

మొదటిసారి ఎక్కడికి వెళ్లాలి?

శ్రీకూర్మం. శ్రీకాకుళం నుంచి వెళ్లడం పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు. గంటన్నర పెట్టుకోండి. అరసవల్లి దాటాక ఊరి సందడి తగ్గి, రెండు పక్కలా పొలాలు మొదలవుతాయి. ఎన్.హెచ్. 16 ఊరికి అవతల పక్క ఉంది కాబట్టి సముద్రం వైపు వెళ్లేటప్పుడు దాన్ని దాటే పని లేదు. ఒక్క ఆ కారణం చాలు, కొత్తవాళ్లకి ఈ దారే మంచిదనడానికి.

శ్రీకూర్మంలో స్వామి కూర్మరూపంలో ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు, ఎదురుగా శ్వేత పుష్కరిణి. గుళ్లో పెంచే నక్షత్ర తాబేళ్లని చూడటానికి పిల్లలు ఎంతసేపైనా ఉంటారు. మంటపం గోడల మీద పాత చిత్రాలున్నాయి, వాటిని చాలామంది తల తిప్పకుండా దాటిపోతారు. చెమటతో లోపలికి వెళ్లడం ఇబ్బందనుకుంటే సంచిలో ఒక పంచె, తువ్వాలు పెట్టుకోండి.

ఒక్క హెచ్చరిక. అరసవల్లి సూర్యదేవుడి గుడి కాబట్టి ఆదివారం రద్దీ. మనకి సెలవు దొరికేదీ ఆదివారమే, ఏం చేస్తాం! తెల్లారకముందే దాటేయండి, లేదా శనివారం పెట్టుకోండి. రథసప్తమికి ఆ చుట్టుపక్కలకే వద్దు. మార్చి 9 నుంచి 11 దాకా, అక్టోబరు 1 నుంచి 3 దాకా సూర్యకిరణాలు మూలవిరాట్టు మీద పడతాయని జనం సూర్యోదయానికే చేరతారు. ఆ రోజుల్లో మన తెల్లవారుజాము లెక్క పనిచేయదు. శ్రీకూర్మంలో డోలోత్సవం ఫాల్గుణ పౌర్ణమికి.

కళింగపట్నం దాకా వెళ్లి రావచ్చా?

రావచ్చు, కాకపోతే అది రెండో మెట్టు. గార మీదుగా వెళ్లడానికే పాతిక కిలోమీటర్ల పైచిలుకు, రానూ పోనూ యాభై దాటుతుంది. పొద్దున వెళ్లి మధ్యాహ్నం అక్కడే ఉండి సాయంత్రం వచ్చేవాళ్లూ ఉన్నారు. వెళ్లేటప్పుడు తొక్కుకుంటూ వెళ్లి, వచ్చేటప్పుడు సైకిళ్లని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చేవాళ్లూ ఉన్నారు. రెండో పద్ధతిలో నామోషీ ఏమీ లేదు.

కళింగపట్నం ఒకప్పటి రేవు. వంశధార సముద్రంలో కలిసేది ఇక్కడే, లైట్‌హౌస్ ఉంది, విశాలమైన బీచి ఉంది. రోడ్డు అక్కడితో ఆఖరు. ముందు నది, పక్కన సముద్రం. అందుకే దాన్ని దాటి పోయే బళ్లుండవు, వచ్చేవన్నీ అక్కడికి వచ్చేవే. సైకిల్ తొక్కేవాడికి ఇంతకన్నా కావాల్సిందేముంది?

దారి కొంచెం మళ్లించుకుంటే శాలిహుండం. శ్రీకాకుళానికి పద్దెనిమిది కిలోమీటర్లు, వంశధార కుడిగట్టున కొండ. బౌద్ధ స్తూపాలు, చైత్యాల శిథిలాలు ఉన్నాయి. 1919లో వీటిని మొదట గుర్తించింది గిడుగు రామమూర్తి పంతులుగారు, మన వాడుక భాష గిడుగువారే. ఈ పేజీలో ఉన్న ఒకే ఒక్క ఎత్తు ఈ కొండ. సైకిల్ కిందనే పెట్టి తాళం వేసి నడిచి ఎక్కండి. పైనుంచి వంశధార కడదాకా కనిపిస్తుంది, మీరు తొక్కాల్సిన మిగతా దూరం కూడా.

ఎన్నింటికి బయల్దేరాలి?

చలికాలంలో అయిదున్నరకి, ఎండాకాలంలో నాలుగున్నరకి. మరీ అంత పొద్దున్నేనా అంటారు. మనం తూర్పున ఉన్నాం, హైదరాబాదు కన్నా ఇక్కడ ముందే తెల్లారుతుంది. మే నెలలో అయిదుంపావుకల్లా సూర్యుడు వచ్చేస్తాడు, ఎనిమిదింటికి మాడు కాలుతుంది. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకే పొద్దు గూకుతుంది, సాయంత్రం తిరుగుదామనుకుంటే చీకటి పడిపోతుంది.

అసలు సంగతి గాలి. చదునైన తీరంలో కొండ చేయాల్సిన పని గాలి చేస్తుంది. రాత్రంతా నేల చల్లారుతుంది, సముద్రం అంత తొందరగా చల్లారదు. అందువల్ల తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. పొద్దెక్కి నేల కాగాక గాలి తిరగబడి సముద్రం మీంచి ఊళ్ల వైపు కొడుతుంది. మరపడవలు రాకముందు వేటకెళ్లేవాళ్లు తెరచాప ఎత్తి, తెల్లవారు గాలితో లోపలికి పోయి, మధ్యాహ్నం గాలితో ఒడ్డుకి వచ్చేవారు. మనకీ అదే లెక్క. శ్రీకాకుళం నుంచి సముద్రానికి వెళ్లేటప్పుడు తెల్లవారు గాలి వీపున ఉంటుంది. పదీ పదకొండు మధ్య గాలి తిరిగాక బయల్దేరితే వచ్చేటప్పుడూ వీపునే.

దీన్ని తిరగేసి చేసేవాళ్లే ఎక్కువ. ఎనిమిదింటికి టిఫిను చేసి బయల్దేరి, మధ్యలో గాలి తిరిగి మొహాన కొట్టి, కళింగపట్నం చేరేసరికి నాలుక బయటపెడతారు. తరవాత సైకిల్ బాగాలేదంటారు.

అల్పపీడనం ఉన్నప్పుడు ఈ లెక్క తప్పుతుంది, గాలి రోజంతా ఒకే వైపు కొడుతుంది. ముందురోజు రాత్రి వాతావరణ శాఖ సూచన చూసుకోండి.

ఏ నెలలు బాగుంటాయి?

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి కూడా ఫరవాలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ కన్నా ఉక్క చంపుతుంది, చెమట ఆరదు. జూన్ మధ్య నుంచి వానలు. అక్టోబరు తుఫానుల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తుఫాను హెచ్చరిక ఉంటే తీరం వైపు సైకిలే కాదు, దేని మీదా వెళ్లకండి.

రోడ్లు బాగుంటాయా?

మండల కేంద్రాల మధ్య తారు రోడ్లు, ఊళ్లలో సిమెంటు రోడ్లు. గోతులు లేవని ఎవరు చెప్పినా నమ్మకండి. గోతుల కన్నా ముందు చెప్పాల్సింది రోడ్డు మీద ఆరబోసిన పంట గురించి.

కోతల తరవాత పల్లెల్లో సగం రోడ్డు కళ్లమే. డిసెంబరు, జనవరిల్లో ధాన్యం, తరవాత మినుములు, పెసలు, ఉలవలు. ధాన్యం కుప్ప దూరం నుంచే కనబడుతుంది, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. ప్రమాదం కుప్పది కాదు, దాని అంచున చెదిరిన గింజలది. సన్న టైరు కింద మినుములు పడితే ముందు చక్రం పక్కకి పోతుంది, బ్రేకు వేస్తే ఇంకా పోతుంది. గింజలు కనబడగానే వేగం ముందే తగ్గించి, హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు పట్టకుండా తిన్నగా దాటేయండి. మినప కట్టెలు పరిచి బళ్లు తొక్కుతాయని వదిలేసినచోట దిగి నడిపించండి, ఆ పీచు చైనుకీ ఫ్రీవీలుకీ చుట్టుకుంటే విప్పడం తలనొప్పి.

కుప్ప మీంచి తొక్కకూడదని వేరే చెప్పాలా? అది వాళ్ల ఏడాది కష్టం. రోడ్డు మీద ఆరబెట్టడం తప్పేనని వాదించేవాళ్లున్నారు. కళ్లాలకి సిమెంటు గచ్చు కట్టించాక ఆ వాదన చేద్దాం.

మత్స్యకార గ్రామాల దగ్గర ఇదే తంతు ఎండుచేపలతో. వలలు కూడా రోడ్డు పక్కనే పరుస్తారు, పెడల్‌కి తగులుకోకుండా చూసుకోండి.

ఎలాంటి సైకిల్ కావాలి? గేర్లు ఉండాలా?

ఇంట్లో ఉన్నది చాలు. చదును నేల మీద గేర్లు అవసరం కాదు, ఎదురుగాలిలో సుఖం, అంతే. కొత్తది కొనేవాళ్లయితే ముందు వెనక షాకబ్సర్లు ఉన్న బరువు సైకిల్ కొనకండి. చూడటానికి బాగుంటుంది, మీరు తొక్కే శక్తిలో కొంత స్ప్రింగు మింగేస్తుంది. ముప్పై అయిదు, నలభై మిల్లీమీటర్ల టైర్లున్న హైబ్రిడ్ సైకిల్ ఈ రోడ్లకి సరిపోతుంది. మడ్‌గార్డులు, వెనక క్యారియర్, స్టాండు ఉండాలి. ఇవి తీసేసి అమ్మితే అడిగి పెట్టించుకోండి. వీపున బ్యాగు మోయడం కన్నా క్యారియర్‌కి కట్టుకోవడం మేలు.

పాత హీరో, అట్లాస్ సైకిల్ ఉన్నవాళ్లు సిగ్గుపడక్కర్లేదు. ఈ దారుల్లో పాలక్యాన్లు కట్టుకుని మిమ్మల్ని దాటిపోయేవాళ్లవి అవే సైకిళ్లు.

సీటు ఎంత ఎత్తు పెట్టాలి? కూర్చుంటే నొప్పి.

సీటు మీద కూర్చుని, పెడల్ కింద ఉన్నప్పుడు మడమ దాని మీద ఆనిస్తే కాలు తిన్నగా రావాలి. మునివేళ్ల దగ్గరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. మనవాళ్లు రెండు కాళ్లూ నేలకి ఆనాలని సీటు దించుకుంటారు, మోకాళ్ల నొప్పులన్నీ అక్కడే మొదలు. కూర్చునే చోట నొప్పి మొదటి కొన్ని రోజులు అందరికీ ఉంటుంది, తగ్గిపోతుంది. మెత్తటి స్పాంజి కవరు వేస్తే ఇంకా ఎక్కువవుతుంది. జీన్స్ వద్దు, కుట్లు ఒరుసుకుంటాయి.

పంచరైతే?

అవుతుంది. తీరం రోడ్ల పక్క ఇసుక నేలలో పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు పుష్కలం. పల్లేరు కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. సైకిల్‌ని రోడ్డు దించి మట్టిలో పెట్టేవాళ్లకే ఎక్కువ పంచర్లు. ఫొటో కోసం దిగినా సరే, సైకిల్ తారు అంచునే ఆపండి. మట్టిలోకి దించాల్సి వస్తే ఎక్కేముందు టైరు ఒకసారి చేత్తో తడిమి చూసుకోండి.

ఊళ్లలో పంచరు షాపులున్నాయి, కానీ అక్కడ చిక్కు ట్యూబు సైజుతో వస్తుంది. పాత రకం సైకిల్‌కి 28 బై ఒకటిన్నర ట్యూబు ఏ పల్లెలోనైనా దొరుకుతుంది. 26 సైజు చాలాచోట్ల దొరుకుతుంది. హైబ్రిడ్‌కి వేసే 700సి మాత్రం శ్రీకాకుళం దాటితే ఆశ పెట్టుకోకండి. మీ సైజు ట్యూబు ఒకటి ఎప్పుడూ సీటు కింద సంచిలో ఉండాలి. దాంతోపాటు టైరు విప్పే లివర్లు, చేతి పంపు, ప్యాచీలు, సొల్యూషన్.

వాల్వులు మూడు రకాలు. పాత సైకిల్‌ది చిన్న రబ్బరు గొట్టం ఉండేది. గేరు సైకిళ్లలో ఎక్కువవాటికి బైకు లాంటి వాల్వే, ఏ బైకు మెకానిక్కైనా గాలి కొడతాడు. సన్నగా పొడుగ్గా ఉండే మూడో రకానికి అడాప్టర్ లేకపోతే ఇక్కడ గాలి పట్టదు. అడాప్టర్ వేలెడంత కూడా ఉండదు, కీచెయిన్‌కి తగిలించుకోండి. కంప్రెసర్‌తో కొట్టించేటప్పుడు దగ్గరుండి చూడండి, లారీ టైర్లకి అలవాటుపడ్డ చెయ్యి సైకిల్ ట్యూబుని ఒక్క క్షణంలో పేల్చేయగలదు. ఎంత గాలి ఉండాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది, అందులో పై అంకెకి కొంచెం తక్కువ కొట్టిస్తే గతుకులు తెలియవు.

మీరు రోడ్డు పక్కన చక్రం విప్పి కూర్చుంటే పది నిమిషాలు ఒంటరిగా ఉండలేరు. "ఏటి బావూ, బండి సెడిపోనాదా?" అని ఒకరు ఆగుతారు, ఇంకొకరు పానా తెస్తారు, ముగ్గురు సలహాలిస్తారు. సలహాల్లో ఒకటి పనికొస్తుంది.

హెల్మెట్ అవసరమా?

పెట్టుకోండి. దానితోపాటు వెనక ఎర్ర లైటు కూడా. తెల్లవారుజామున బయల్దేరమన్నాను కాబట్టి లైటు హెల్మెట్ కన్నా ముఖ్యం.

దారిలో తిండి, నీళ్లు?

చేతిలో రెండు లీటర్ల నీళ్లు, ఒక ఉప్పూ పంచదార కలిపిన సీసా లేదా ఓఆర్ఎస్ ప్యాకెట్టు. ఉక్కలో చెమటతో పోయే ఉప్పుని వట్టి నీళ్లు పూడ్చలేవు, పిక్కలు పట్టేసేది అప్పుడే. గార లాంటి మండల కేంద్రాల్లో పొద్దున్నే ఇడ్లీ, పూరీ దొరుకుతాయి. కొబ్బరి బొండాలు దాదాపు అన్నిచోట్లా. ఎండాకాలంలో తాటి ముంజెలు, చలికాలంలో తేగలు. ఎవరింట్లోనైనా చోడంబలి (రాగి అంబలి) పోస్తామంటే మొహమాటపడకండి, సైకిల్ తొక్కేవాడికి దాన్ని మించింది లేదు. బీచిలో మధ్యాహ్నం భోజనం ఖాయంగా దొరుకుతుందని నమ్ముకుని వెళ్లొద్దు. పులిహోర కట్టుకెళ్లండి.

పిల్లలని తీసుకెళ్లొచ్చా?

సొంతంగా తిన్నగా తొక్కగలిగే పిల్లలైతే శ్రీకూర్మం దాకా వస్తారు. పెద్దవాళ్లలో ఒకరు ముందు, ఒకరు వెనక. పిల్లలని గాలికి ఎదురు ముందు ఉంచకండి. ముంజెలు, తాబేళ్లు, బీచి అని ఆశ పెట్టి తీసుకెళ్లేటప్పుడు ఆ మూడింట్లో ఒకటైనా చూపించాలి.

ఆడవాళ్లు మాత్రమే వెళ్లాలంటే?

ఈ దారుల్లో గుంపులుగా వెళ్లేవాళ్లున్నారు. ఇద్దరు ముగ్గురుగా వెళ్లడం, వెలుగు వచ్చాకే ఊరు దాటడం, నిర్మానుష్యంగా ఉండే సరుగుడు తోటల్లో ఆగకపోవడం మంచిది. ఇది మగవాళ్లకి కూడా చెప్పే మాటే. అత్యవసరమైతే 112, అంబులెన్సుకి 108. సౌకర్యాల మాటకొస్తే, శుభ్రమైన బాత్రూం దొరకడం ఈ తీరంలో కష్టం. గుళ్ల దగ్గర, పెట్రోలు బంకుల్లో అడగాలి. దారి ఎంచుకునేటప్పుడు ఇది లెక్కలో పెట్టుకోండి.

కుక్కలు వెంటపడితే?

వేగం పెంచొద్దు. ఆపి, దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య పెట్టుకుని నడవండి. పరుగు ఆగితే వాటికి ఆసక్తి పోతుంది. కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూది వేస్తారు.

ఎన్.హెచ్. 16 మీద తొక్కొచ్చా? రోడ్డు నున్నగా ఉంది కదా.

వద్దు. ఆ నునుపు లారీల కోసం. తప్పనిసరిగా కొంతదూరం వెళ్లాల్సి వస్తే సర్వీసు రోడ్డు పట్టుకోండి, రాంగ్ రూట్లో వెళ్లే బైకుల వెనక మీరూ పోకండి.

టెక్కలి, సోంపేట వైపు ఏముంది?

అసలు అందం అటే ఉందని నా అభిప్రాయం. కానీ శ్రీకాకుళం నుంచి తొక్కుకుంటూ వెళ్లాలంటే హైవే తప్పదు. సైకిళ్లని బండిలో వేసుకుని అక్కడ దిగి మొదలుపెట్టాలి.

టెక్కలి దగ్గర తేలినీలాపురం. సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు గానీ, ఈ రెండు రకాలూ మన దేశపు పక్షులే. ఇక్కడి నీళ్లలో చేపలు చూసుకుని గూడు కట్టడానికి చేరతాయి. ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు, పిల్లలు కూడా రాయి విసరరు. బెల్లు కొట్టకుండా వెళ్లండి. అక్కణ్నుంచి నౌపడా ఉప్పు మడులు దగ్గర్లోనే. చెట్టు నీడ ఒక్కటి కూడా ఉండదు, తెల్లటి మడుల మీంచి ఎండ కళ్లల్లోకి కొడుతుంది, నల్ల కళ్లద్దాలు తప్పనిసరి.

ఇంకా పైకి వెళ్తే ఉద్దానం. పలాస నుంచి సోంపేట దాకా కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య రోడ్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడి కొబ్బరిచెట్లు వరసలకి వరసలు కూలిపోయాయి. తరవాత నాటినవి పెరుగుతున్నాయి గానీ పాత నీడ ఇంకా అన్నిచోట్లా రాలేదు. సోంపేట నుంచి బారువ వెళ్లడం ఈ తీరంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క. దూరం తక్కువ, చివర మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోటు, లైట్‌హౌస్, పాత రేవు. రాత్రి సోంపేటలోనో పలాసలోనో ఉండొచ్చు, గది ముందే మాట్లాడుకోండి. వచ్చేటప్పుడు జీడిపప్పు పలాసలో కొనండి, ముక్కపప్పు చవక, రుచిలో తేడా లేదు.

సైకిల్‌ని రైల్లో తీసుకెళ్లొచ్చా?

టికెట్టు ఉంటే లగేజీగా బ్రేక్‌వ్యానులో వేయించుకోవచ్చు, పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి. శ్రీకాకుళం రోడ్డు, అంటే ఆమదాలవలస, ఇంకా పలాస లాంటి పెద్ద స్టేషన్ల మధ్య ఇది కుదురుతుంది. బారువ, నౌపడా లాంటి చోట రైలు ఆగే ఒకటి రెండు నిమిషాల్లో దించుకోవడం టెన్షన్. నలుగురు కలిస్తే ట్రాలీ ఆటోయే సులువు. అడుగున పాత బొంతలు పరిచి, ఒక సైకిల్ పెడల్ ఇంకో సైకిల్ పుల్లల్లో దూరకుండా కట్టండి.

మాది విజయనగరం. మాకు దగ్గర్లో ఏదైనా?

మీ జిల్లాకి సముద్రం ఉన్నది భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లోనే. పూసపాటిరేగ దాకా బండిలో వచ్చి, అక్కణ్నుంచి చింతపల్లికో కోనాడకో తొక్కండి. చింతపల్లిలో లైట్‌హౌస్ ఉంది, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తుంది. రెండూ పొద్దున పూటలో అయిపోతాయి. ఊరి నుంచే తొక్కుకుంటూ రావాలంటే హైవే దాటాలి, దిగి నడిపించుకుని దాటండి.

సముద్రంలో దిగొచ్చా?

కాళ్లు తడుపుకోండి, చాలు. నది కలిసే మొగ దగ్గర అసలు దిగొద్దు. పైకి నీళ్లు నిదానంగా ఉన్నట్టుంటాయి, అడుగున పోటూ పాటూ రెండూ లాగుతుంటాయి, ఇసుక మేట ఈ వారం ఉన్నచోట వచ్చే వారం ఉండదు. కళింగపట్నం, కోనాడ, బారువ మూడూ మొగలే. ఎక్కడ దిగొచ్చో అక్కడి మత్స్యకారులని అడగండి, వాళ్లు వద్దంటే వద్దు.

బీచి ఇసుక మీద తొక్కొచ్చా?

తడి ఇసుక గట్టిగా ఉంటుంది, తొక్కొచ్చు, ఫొటో బాగా వస్తుంది. సైకిల్‌కి మాత్రం అంతకన్నా చెరుపు లేదు. ఇంకో కారణం కూడా ఉంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖ వాళ్లు గుడ్లు ఏరి, కంచె కట్టిన చోట పొదిగించి, పిల్లలని సముద్రంలో వదులుతారు. వాళ్ల కంట పడని గూళ్లు ఇసుక కిందే ఉంటాయి. ఆ నెలల్లో అలల గీత దాటి పైకి సైకిల్ తేవద్దు, తెల్లవారుజామున టార్చి వేయొద్దు.

ఇంటికొచ్చాక సైకిల్‌కి ఏం చేయాలి?

ఆ రోజే కడగాలి, రేపంటే కుదరదు. ఇసుకలో తొక్కకపోయినా ఉప్పుగాలి చైనుకి పట్టే ఉంటుంది. బకెట్టు మంచినీళ్లు, పాత టూత్ బ్రష్షు, గుడ్డ చాలు. ప్రెషర్ పంపుతో కొట్టిస్తే నీళ్లు హబ్బుల్లో బేరింగుల దాకా పోయి గ్రీజు కడిగేస్తాయి, కాబట్టి మగ్గుతోనే పోయండి. చైను, ఫ్రీవీలు, బ్రేకు వైర్ల చివరలు, సీటు బోల్టు, ఈ నాలుగూ తుప్పు మొదలయ్యే చోట్లు. ఆరాక చైనుకి ఒక్కో లింకుకి ఒక్కో చుక్క నూనె వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి. తుడవకపోతే రేపటి ఇసుకంతా దానికే అంటుకుంటుంది. కొబ్బరినూనె వద్దు, చలికాలం పొద్దున గడ్డకడుతుంది. కుట్టు మిషను నూనె దొరికితే అది వేయండి.